5 టన్నుల మోటర్‌హోమ్‌కి 140 హెచ్‌పీ సరిపోతుందా?

ముందు మీ ప్రశ్న ఇంకోసారి చెప్పుకుందాం, తర్వాత చదివేవాళ్లకి కూడా విషయం తెలియాలి కదా. ఇప్పుడు మీ దగ్గరున్నది 3,500 కిలోల మోటర్‌హోమ్ (ఇల్లులా వాడుకునే బండి), ఫియట్ డుకాటో వ్యాన్ మీద కట్టింది, 140 హెచ్‌పీ, మాన్యువల్ గేర్లు. పిల్లలు ఎదుగుతున్నారు, చోటు చాలడం లేదు, అందుకని వెనక రెండు ఇరుసులున్న 5,000 కిలోల బండి చూస్తున్నారు. అందులో 140 తీసుకోవాలా, 180 తీసుకోవాలా అన్నది మీ డౌటు. అమ్మేవాళ్లేమో "మీరు ఇప్పుడు నడుపుతున్న ఇంజినే అండీ, సునాయాసంగా లాగేస్తుంది" అంటున్నారు. ముందు ముందు వెనక చిన్న కారు కూడా తగిలించుకోవాలని ఉంది. అసలు అమెరికన్ టైపు 350 హెచ్‌పీ బండికే పోతే ఈ గొడవే ఉండదు కదా అని చివర్లో ఇంకో మాట అడిగారు.

నా జవాబు ముందే చెప్పేస్తాను. 5 టన్నులకి 180 తీసుకోండి, వీలైతే ఆటోమేటిక్‌తో. అయితే డబ్బు ఒకదానికే సరిపోయి, "పెద్ద ఇంజినా, ఎక్కువ బరువు మోసే ఛాసిస్సా (బండి కింది చట్రం)" అనే పరిస్థితి వస్తే మాత్రం కళ్లు మూసుకుని ఛాసిస్ తీసుకోండి. ఇంజిన్ చిన్నదైతే ఘాట్ మీద నిదానంగా ఎక్కుతారు, అంతే. ఛాసిస్ చాలకపోతే ప్రతి రోజూ, ప్రతి మలుపులోనూ, ప్రతి టైరు మీదా ఆ లోటు మోస్తూనే ఉంటారు.

ఇప్పుడు ఎందుకో చూద్దాం. చాలామంది బ్రోచర్‌లో హెచ్‌పీ చూసి, పక్కనే బరువు చూసి, భాగహారం చేసి "టన్నుకి ఇన్ని" అని ఒక అంకె పట్టుకుంటారు. మీ పాత బండికి అది 40, కొత్త బండికి 140 ఇంజిన్ పెడితే 28, 180 పెడితే 36. ఈ లెక్క చేయడం మంచిదే, కానీ అది ఎక్కడ పనికొస్తుందో ఎక్కడ పనికిరాదో తెలియకపోతే లేనిపోని టెన్షన్.

చదును రోడ్డు మీద బరువు పెద్ద విషయమే కాదు. గంటకి 100 కిలోమీటర్ల వేగంతో పోతున్న మోటర్‌హోమ్‌లో ఇంజిన్ చేసే పనిలో ఎక్కువ భాగం గాలిని చీల్చుకుంటూ పోవడానికే ఖర్చవుతుంది. నిలువుగా గోడలాంటి ముఖం, రెండు మీటర్లకి పైగా వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు, దానికి ఎన్ని టన్నులున్నా గాలికి ఒకటే. నేను కట్టిన లెక్కలో (గాలి ఒరిపిడికి ఈ సైజు బళ్లకి మామూలుగా వేసుకునే విలువలు తీసుకున్నాను) ఆ వేగంలో 3,500 కిలోల బండికి చక్రాల దగ్గర సుమారు 51 కిలోవాట్లు (ఒక కిలోవాట్ అంటే దాదాపు 1.36 హెచ్‌పీ) కావాలి, 5,000 కిలోల బండికి సుమారు 55. అంటే టన్నున్నర పెరిగితే అదనం నాలుగే కిలోవాట్లు. అందుకే షోరూమ్ నుంచి హైవే మీదకి తీసుకెళ్లి చూపించే టెస్ట్ డ్రైవ్‌లో ఏ బండి అయినా బాగానే లాగుతుంది. అమ్మేవాళ్లు అబద్ధం చెబుతున్నారని కాదు, వాళ్లు చూపించిన రోడ్డు మీద అది నిజమే.

ఎత్తు ఎక్కేటప్పుడు కథ మొత్తం మారిపోతుంది. 6 శాతం ఎత్తు అంటే వంద మీటర్లు ముందుకి పోతే ఆరు మీటర్లు పైకి ఎక్కడం, కొండల్లో పెద్ద రోడ్ల మీద ఇది మామూలే. అక్కడ గంటకి 80 వేగం నిలబెట్టాలంటే 3,500 కిలోల బండికి చక్రాల దగ్గర సుమారు 75 కిలోవాట్లు కావాలి. 5,000 కిలోలకి 98 దాకా పోతుంది. ఇంజిన్‌కీ చక్రాలకీ మధ్య గేర్‌బాక్స్‌లో, షాఫ్టుల్లో పోయేది పది పదిహేను శాతం ఉంటుంది, అది కలిపితే పాత బండికి ఇంజిన్ దగ్గర 115, 120 హెచ్‌పీ, కొత్తదానికి 150. అంటే 140 హెచ్‌పీ ఇంజిన్ యాక్సిలరేటర్ అడుగంటా తొక్కినా ఆ బండిని 80 మీద నిలబెట్టలేదు.

అయితే ఎంత మీద నిలబెడుతుంది? అదే లెక్కని తిప్పి చేస్తే 75 వస్తుంది. 180 ఇంజిన్ అయితే 89. ఇక్కడ నాకు బాగా నచ్చిన విషయం ఏంటంటే, మీరు ఇప్పుడు నడుపుతున్న 3,500 కిలోల బండి 140 ఇంజిన్‌తో అదే ఎత్తు మీద చేసేది కూడా దాదాపు 89 కిలోమీటర్లే. కాబట్టి 5 టన్నుల బండిలో 180 పెట్టించుకుంటే ఎక్కేటప్పుడు మీకు పాత బండి నడిపినట్టే ఉంటుంది. 140 పెట్టించుకుంటే పికప్ తగ్గిందని మొదటి రోజే తెలిసిపోతుంది. ఇంకా నిటారుగా, 10 శాతం ఎత్తు మీద, మీ పాత బండి 71 దగ్గర, కొత్తది 140తో 55 దగ్గర, 180తో 68 దగ్గర ఆగుతాయి. లెక్కలో నేను వేసుకున్న విలువలు కొంచెం అటూ ఇటూ అయినా మూడింటి మధ్య తేడా మాత్రం ఇలాగే ఉంటుంది.

సరే, 75కీ 89కీ తేడా అంటే నిజంగా ఎంత? 10 కిలోమీటర్ల పొడుగున్న ఘాట్ అనుకోండి, ఒకదానికి 8 నిమిషాలు, ఇంకోదానికి 6 నిమిషాల 45 సెకన్లు. పై దాకా వెళ్లాక మీరు టీ తాగడానికి ఆగితే ఆ తేడా అక్కడే పోయింది. అందుకే "140 అస్సలు పనికిరాదు, నడపలేరు" అనేవాళ్ల మాట నేను ఒప్పుకోను. లారీలు టన్నుకి పది, పన్నెండు హెచ్‌పీతో ప్రపంచమంతా సరుకు మోస్తున్నాయి, కొండలు ఎక్కుతున్నాయి.

మరి 180 ఎందుకు తీసుకోమన్నానంటే, పై లెక్కలన్నీ ఇంజిన్ పూర్తి శక్తి ఇస్తున్నప్పటివి. డుకాటో 2.2 లీటర్ ఇంజిన్ పూర్తి శక్తి ఇచ్చేది 3,500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) చుట్టుపక్కల. 140తో ఆ 8 నిమిషాలూ మీరు మూడు లేదా నాలుగో గేర్‌లో, 3,500 దగ్గర, యాక్సిలరేటర్ చాపకి ఆనించి కూర్చోవాలి. ఇంజిన్ మూలుగుతుంటుంది, పక్కన మాట్లాడేది వినపడదు, టెంపరేచర్ ముల్లు మీద ఒక కన్ను, అద్దంలో వెనక పోగైన కార్ల మీద ఇంకో కన్ను. పైగా చేతిలో ఏమీ మిగలదు. ముందు లారీ నిదానించింది, మీరూ తగ్గించారు, ఆ ఊపు పోయిందంటే మళ్లీ పుంజుకోవడానికి బోలెడు టైం పడుతుంది. ఓవర్‌టేక్ సంగతి మర్చిపోవడమే. 180తో అదే 75 వేగం పోతే మీ దగ్గర ఇంకా కొంత శక్తి మిగిలి ఉంటుంది, ఇంజిన్ కూడా అంత అరవదు. మీరు డబ్బు పెట్టేది ఆ మిగులుకి.

టార్క్ (ఇంజిన్ షాఫ్టుని తిప్పే బలం) గురించి కూడా ఒక మాట, ఎందుకంటే దీని మీద ప్రతిచోటా వాదనలే. ఎంత వేగంతో కొండ ఎక్కుతామనేది హెచ్‌పీ తేలుస్తుంది. అది ఏ గేర్‌లో, ఎంత శబ్దంతో, ఎంత తక్కువ ఆర్‌పీఎంలో జరుగుతుందనేది టార్క్ తేలుస్తుంది. 140 మాన్యువల్‌లో 350 న్యూటన్ మీటర్లు, 180 మాన్యువల్‌లో 380, అదే 180 ఆటోమేటిక్‌తో తీసుకుంటే 450. గమనించారా, మాన్యువల్‌లో రెండింటికీ టార్క్ తేడా పెద్దగా లేదు. అందుకే 180 మాన్యువల్ తీసుకున్న కొందరు "డబ్బులు దండగ, తేడా ఏమీ తెలియలేదు" అంటుంటారు. వాళ్లు పాత అలవాటు కొద్దీ 2,000 దగ్గరే గేర్ మార్చేస్తూ నడుపుతుంటారు, అక్కడ తేడా నిజంగానే తక్కువ. పైకి తిప్పితేనే ఆ 40 హెచ్‌పీ బయటికొస్తుంది. ఆటోమేటిక్ తీసుకుంటే టార్క్ కూడా పెరుగుతుంది, గేర్లు ఎక్కువ కాబట్టి ఎత్తుకి తగ్గ గేరు దొరుకుతుంది. 5 టన్నుల బండిని ర్యాంప్ మీద సెంటీమీటర్ సెంటీమీటర్‌గా రివర్స్ చేసేటప్పుడు క్లచ్ ప్లేట్ కాలిన వాసన కూడా రాదు. బరువు బళ్లలో మాన్యువల్ క్లచ్‌లు ఎక్కువగా పోయేది ఇలా పార్కింగ్ దగ్గరే.

ఇక బరువు విషయం. మీరు 3,500, 5,000 అని రాసినవి బండి, మనుషులు, సామాను అన్నీ కలిపి ఉండదగ్గ గరిష్ఠ బరువులు. అసలు మీ బండి ఎంత బరువుంది? కాటా వేయించారా? చాలామంది వేయించరు. బ్రోచర్‌లో రాసే ఖాళీ బరువుకి యూరప్ నిబంధనల ప్రకారం 5 శాతం అటూ ఇటూ తేడా ఉండొచ్చు, అంటే 4,000 కిలోలు అని రాసిన బండి 4,200 ఉన్నా చట్టప్రకారం తప్పు లేదు. ఆ 200 కిలోలు మీ సామానులోంచి పోయినట్టే. దాని మీద మీరు ఎక్స్‌ట్రా ఫిట్టింగ్‌లు అడుగుతారు, పందిరి, సోలార్ ప్యానెళ్లు, రెండో బ్యాటరీ, టీవీ, సైకిల్ స్టాండు, ఒక్కోటి పదో పాతికో నలభయ్యో కిలోలు. వంద లీటర్ల నీళ్లంటే వంద కిలోలు. కుటుంబం నలుగురూ, బట్టలూ, గిన్నెలూ, కుర్చీలూ. కొత్త బండి పెద్దది కదా అని సామాను కూడా పెరుగుతుంది, ఖాళీ అల్మరా ఎప్పుడూ ఖాళీగా ఉండదు. బ్యాటరీ విషయంలో మాత్రం ఒక ఉపాయం ఉంది. లిథియం 100 ఏహెచ్ బ్యాటరీ పన్నెండు కిలోల చుట్టుపక్కల ఉంటుంది, అదే లెడ్ యాసిడ్ అయితే పాతిక దాటుతుంది. బరువు తగ్గించుకోవడానికి ఖర్చు పెట్టదలిస్తే ముందు అక్కడ పెట్టండి.

కాటా మీద మొత్తం బరువు ఒక్కటే చూసి వచ్చేయకండి. ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి ఒకసారి, వెనకవి మాత్రమే ఎక్కించి ఒకసారి తూయించండి. ఎందుకో ఒక లెక్కతో చెప్తాను. పెద్ద బళ్లకి వెనక చక్రాల అవతల పొడుగ్గా తోక ఉంటుంది, అందులో గ్యారేజీ, సైకిళ్లన్నీ దాన్లోనే. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య 4 మీటర్లు ఉన్న బండిలో, వెనక ఇరుసుకి 1.8 మీటర్ల అవతల 150 కిలోలు పెట్టారనుకోండి. వెనక ఇరుసు మీద పడేది 150 కాదు, 217 దాటుతుంది. ఆ అదనపు 67 కిలోలు ఎక్కడివంటే ముందు ఇరుసు మీంచి లేచినవి. డుకాటో ముందు చక్రాలతో నడిచే బండి. అంటే రోడ్డుని పట్టుకుని లాగాల్సిన చక్రాల మీదే బరువు తగ్గింది. తడిసిన గడ్డి మీదో, కంకర పోసిన ఏటవాలు దారి మీదో ఇలాంటి బండి ఆగిందంటే ముందు చక్రాలు గిర్రున తిరుగుతూ ఉంటాయి తప్ప కదలదు. అక్కడ 140 అయినా 180 అయినా ఒకటే, 180 ఇంకాస్త తొందరగా గుంట తవ్వుతుంది. అలాంటి చోట్లకి ఎక్కువగా పోయేవాళ్లయితే ఇంజిన్ కంటే ముందు వెనక చక్రాలతో నడిచే ఛాసిస్ గురించి ఆలోచించండి. మెర్సిడెస్ స్ప్రింటర్‌లోనూ ఫోర్డ్ ట్రాన్సిట్‌లోనూ అలాంటివి దొరుకుతాయి. ఐవెకో డైలీ అయితే పూర్తిగా వెనక చక్రాల బండే, 3 లీటర్ ఇంజిన్, 7 టన్నుల దాకా ఛాసిస్, కాస్త లారీ లక్షణాలు ఎక్కువ, కానీ బరువు మోయడానికే పుట్టింది.

ఎక్కడం గురించి అందరూ అడుగుతారు, దిగడం గురించి ఎవరూ అడగరు. నాకైతే రెండోదే ముఖ్యం. 5,000 కిలోల బండి 500 మీటర్ల ఎత్తు దిగిందంటే బయటపడే శక్తితో సుమారు 70 లీటర్ల నీళ్లు కాచి మరగబెట్టొచ్చు. మీ పాత బండికి అది 50 లీటర్లు. గాలి, టైర్లు కొంత తీసుకుంటాయి, ఇంజిన్ కొంత తీసుకుంటుంది, మిగతా వేడంతా బ్రేక్ డిస్కుల్లోకే పోవాలి. డీజిల్ ఇంజిన్‌కి పెట్రోల్ ఇంజిన్‌లో లాగా గాలి ఆపే థ్రాటిల్ లేదు కాబట్టి యాక్సిలరేటర్ వదిలేస్తే అది బండిని పెద్దగా పట్టి ఆపదు. పెద్ద ఛాసిస్‌లలో దీనికోసమే ఎగ్జాస్ట్ బ్రేక్ (పొగ బయటికి పోయే దారిని మూసి ఇంజిన్‌తోనే వేగం తగ్గించేది) ఉంటుంది. మీరు చూస్తున్న తరగతిలో అది ఆశించకండి, మీరే గేర్ దించుకోవాలి. ఘాట్ మొదలవకముందే దించాలి, ఎక్కేటప్పుడు ఏ గేర్‌లో ఎక్కగలదో దిగేటప్పుడు కనీసం ఆ గేరు, ఇంకొకటి తక్కువైనా తప్పులేదు. ఆటోమేటిక్ అయితే మాన్యువల్ మోడ్‌లో పెట్టుకోండి. బ్రేక్ మీద కాలు ఆనించి పెట్టి కిలోమీటర్ల కొద్దీ దిగొద్దు. వేగం పెరిగిందనిపించినప్పుడు గట్టిగా తొక్కి, గంటకి పది కిలోమీటర్లు తగ్గాక పూర్తిగా వదిలేయండి, డిస్కులకి ఊపిరి తీసుకునే టైం ఇవ్వండి.

ఇంకొకటి, 140 తీసుకుని తర్వాత చిప్ ట్యూనింగ్ (ఇంజిన్ కంప్యూటర్‌లో సెట్టింగులు మార్చి శక్తి పెంచడం) చేయిస్తే 180 అయిపోతుంది కదా అనే ఆలోచన. అంకె వస్తుంది. కానీ క్లచ్, గేర్‌బాక్స్, రేడియేటర్ అవి పాతవే, బరువు బండిలో ఆ అదనపు శక్తిని మీరు వాడేది రెండు సెకన్ల ఓవర్‌టేక్‌కి కాదు, పది నిమిషాల ఎక్కుడికి. వేడి తట్టుకోవాల్సింది వాళ్లు మార్చని భాగాలే. వారంటీ పోతుంది, ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పకపోతే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది. నేనైతే చేయించను.

అమెరికన్ పెద్ద బళ్ల సంగతి. ఫోర్డ్ ఎఫ్-53 ఛాసిస్ మీద 7.3 లీటర్ పెట్రోల్ వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) వస్తుంది, దాదాపు 350 హెచ్‌పీ, వినడానికి ఎక్కడికో వెళ్లిపోయినట్టుంటుంది. బండి 10 టన్నులైతే టన్నుకి 35. అంటే 5 టన్నుల మీద 180 ఇంజిన్ పెట్టుకున్నట్టే, ఆకాశం నుంచి దిగివచ్చిందేమీ లేదు. పైగా ఆ ఇంజిన్ పూర్తి శక్తి ఇచ్చేది దాదాపు 4,000 ఆర్‌పీఎం దగ్గర, ముందు సీట్ల మధ్యే ఉంటుంది, ఘాట్ మీద ఆ శబ్దం విన్నాక చెప్పండి. వెనక ఇంజిన్ ఉండే డీజిల్ బళ్లలో కమిన్స్ 6.7 లీటర్ ఇంజిన్ 360 హెచ్‌పీ, దాదాపు అంతే. కానీ టార్క్ సుమారు 1,085 న్యూటన్ మీటర్లు, ఫోర్డ్‌ది 635 చుట్టుపక్కల. ఒకే బరువు మీద పెడితే రెండూ కొండని దాదాపు ఒకే వేగంతో ఎక్కుతాయి, డీజిల్‌ది చాలా తక్కువ ఆర్‌పీఎంలో, పడకగది వెనకాల ఎక్కడో వినపడీ వినపడకుండా జరుగుతుంది. అయితే అలాంటి బళ్లు 14 టన్నులు దాటుతాయి, అప్పుడు టన్నుకి 25 హెచ్‌పీయే. అయినా ఎవరూ ఏడవడం లేదు, ఎందుకంటే బరువు మూడింతలైనా ముఖం వైశాల్యం మూడింతలు కాదు, టన్ను లెక్కన గాలికి పోయేది తక్కువ. అందుకే టన్నుకి ఎన్ని హెచ్‌పీ అనే అంకెతో ఒకే సైజు బళ్లని పోల్చుకోవాలి గానీ 3.5 టన్నులదాన్నీ 14 టన్నులదాన్నీ పోలిస్తే తప్పుదారి పడతారు. సముద్రమట్టం నుంచి పైకి పోయే కొద్దీ టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నింపేది) లేని ఆ ఫోర్డ్ పెట్రోల్ ఇంజిన్ బలహీనపడుతుంది కూడా, 2,000 మీటర్ల ఎత్తులో ఐదో వంతు దాకా పోతుంది. టర్బో డీజిల్ అక్కడ చాలా మెరుగు. ఇక లైసెన్స్ సంగతి వేరే చెప్పక్కర్లేదు. యూరప్‌లో 3,500 నుంచి 7,500 కిలోల దాకా సి1 తరగతి, ఆ పైన సి, మీ కార్డు మీద ఏముందో ముందు చూసుకోండి.

కొనే ముందు టెస్ట్ డ్రైవ్ ఖాళీ బండితో చేయకండి. షోరూమ్‌లో బండికి నీళ్లుండవు, సామానుండదు, మనిషి ఒక్కడే, మీరు నడపబోయే బండికి అది ఏడెనిమిది వందల కిలోలు తక్కువ. నీళ్ల ట్యాంకు నింపమనండి, ఇంట్లో వాళ్లందర్నీ ఎక్కించండి, తెలిసిన ఎత్తు ఒకటి చూసుకుని దాని మధ్యలో ఆపి మళ్లీ కదిలించండి. తర్వాత 80 దగ్గర ఎత్తు మొదలుపెట్టి యాక్సిలరేటర్ ముప్పావు భాగం మాత్రమే తొక్కండి, అప్పుడు వేగం నిలబడుతుందా జారుతుందా చూడండి. ఆటోమేటిక్ అయితే గేరు పైకీ కిందికీ ఊరికే మారుతూ ఉందా గమనించండి, అలా తడబడుతుంటే ఆ బరువుకి ఇంజిన్ అంచుల మీద ఉందని అర్థం. వాళ్లు ఇవన్నీ కుదరవంటే ఇంకో షోరూమ్ చూసుకోండి.

కారు లాగడం గురించి అడిగారు కదా. 1,200 కిలోల కారు తగిలిస్తే మొత్తం 6,200, పై 6 శాతం ఎత్తు మీద 140 ఇంజిన్ 65 దగ్గరకి దిగిపోతుంది, 180 అయితే 80 దగ్గర. ఇది కూడా 180 వైపే మొగ్గుతుంది, కానీ ఇంజిన్ కంటే ముందు చూడాల్సింది బండి బానెట్ కిందో తలుపు పక్కనో ఉండే రేకు. యూరప్ బళ్లలో దాని మీద బరువులు వరసగా ఉంటాయి. మొదటిది బండి గరిష్ఠ బరువు, రెండోది బండీ వెనక లాగేదీ కలిపి గరిష్ఠం, ఆ తర్వాతివి ముందు నుంచి వెనక్కి ఒక్కో ఇరుసువి. రెండో అంకెలోంచి మొదటిది తీసేయండి. మిగిలింది 1,200 కంటే తక్కువైతే, బండి నిండా సామానుతో ఆ కారు లాగడానికి వీల్లేదు, ఇంజిన్ ఏదైనా సరే. బరువు పెంచి మళ్లీ రిజిస్టర్ చేయించిన బళ్లలో మొదటి అంకె పెరిగి రెండోది అలాగే ఉండిపోవడం మామూలే, అందుకని అడ్వాన్సు ఇచ్చే ముందు ఆ రేకు ఫొటో పంపమనండి.